ప్రార్థనకు చిత్తుప్రతి

ఆవిడ పోయిందని తెలియగానే నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది, అదీ కొంచెమే. మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున ఆరింటికి ఆవిడ ఫోటో పెట్టి "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. దాని కింద అప్పటికే నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. ఆటోనగర్‌లో నా లేతు షెడ్డు తెరవడానికి తాళాలగుత్తి పట్టుకుని బయలుదేరుతున్నవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను. "నా సంగతి తేల్చకుండా ఎట్టా పోతారండీ" అని పైకే అనేశాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడిగింది.

పోయినావిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. ఆవిడ రాసిన వందల ప్రార్థనల్లో ఒక్కదాని కిందా సంతకం లేదు. ఎందుకు పెట్టరని ఒకసారి అడిగితే, "సంతకం లేని అర్జీ చెల్లదని మా ఆఫీసులో రూలు. అక్కడ ఆ రూలు లేదు. దస్తూరీ చూసి పోల్చుకుంటాడులే" అంది. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. పటమటలో మాకు రెండు వీధుల అవతల ఒక మేడ కింద వాటాలో ఒక్కతే ఉండేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదో, సొంత ఊరేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా తాసీల్దారు ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా ఇన్‌వార్డు గుమాస్తాగా చేసిందని. అంటే జనం తెచ్చిన అర్జీలు తీసుకుని, చదివి, నంబరు వేసి, స్టాంపు కొట్టి లోపలికి పంపే పని. రిటైరయ్యాక అదే పనిని ప్రార్థనకు పట్టించింది. నా తిప్పలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

మా సంఘాల్లో ప్రార్థన అంటే నోటితో చెయ్యాలి. కళ్లు మూసుకుని, గొంతు పెంచి, ధారాళంగా, తడుముకోకుండా చెయ్యాలి. ఎంతసేపు చేస్తే అంత భక్తి. మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన మొదలుపెడితే ఆదాము దగ్గర ఎత్తుకుని, పాలకులందరినీ దీవించి, రోగులందరినీ పేరుపేరునా తలుచుకుని, మళ్లీ మొదటికొచ్చేవాడు. గృహ కూడికల్లో ఆయన ఆమెన్ అనేలోపు పిల్లలు నిద్రపోయేవాళ్లు, ఇంటివాళ్లు చేసిన ఉప్మా గట్టిపడేది. అలాంటి చోట ఈవిడ కాగితం తీసి చదివేది. "పెద్దమ్మా, మీరు ఒక మాట ప్రార్థన చెయ్యండి" అంటే చేతిసంచి తెరిచి, కళ్లజోడు తీసి, మడత పెట్టిన కాగితం విప్పి, రెండు వాక్యాలు చదివి ఆమెన్ అనేది. అప్పటికి మేమింకా కళ్లు పూర్తిగా మూసుకుని కూడా ఉండేవాళ్లం కాదు.

ఆ పెద్దాయన ఒకసారి ఊరుకోలేక అన్నాడు, "కాగితం చూసి చదివేది ప్రార్థనెట్టా అవుద్దమ్మా? ఆత్మ నడిపించాలి గదా" అని.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎమ్మార్వోగారికి అర్జీ పెట్టాలంటే నాలుగుసార్లు కొట్టేసి రాస్తారండీ. దేవుడి దగ్గరికొచ్చేసరికి నోటికేది వస్తే అది చెప్తారా?" అంది. పెద్దాయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. అయితే పెద్దమ్మను ప్రార్థన చెయ్యమనడం కూడా మానేశాడు.

రోజూ పొద్దున్నే వరండాలో మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో పిల్లల పరీక్ష అట్ట పెట్టుకుని రాసేది. చిత్తు పెన్సిలుతో, పాత శుభలేఖల వెనకాల. సాపు నల్ల ఇంకుతో, రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కులో. పెన్సిలు జుట్టు ముడిలో గుచ్చుకుని, అది ఎక్కడుందో మర్చిపోయి ఇల్లంతా వెతికేది. "మీ ముడిలోనే ఉంది పెద్దమ్మా" అంటే, నేనే దాచిపెట్టినట్టు నావైపు చూసేది. ఒక్కో ప్రార్థనకు మూడు చిత్తులు, నాలుగు చిత్తులు. పక్క వాటాలో ఉండే ఆవిడ వాళ్లది చీరల కొట్టు. వాళ్ల అత్తగారు రామకోటి రాసేవారట. ఒకరోజు గోడ మీంచి ఆవిడ అడిగింది, "మీలోనూ రామకోటి ఉందాండీ?" అని.

"లేదండీ. మీ అత్తగారికి రాయాల్సిన మాట తెలుసు, రాసుకుంటూ పోయారు. నాకింకా మాట దొరకలేదు, కొట్టేసుకుంటూ పోతున్నా" అంది పెద్దమ్మ.

కొట్టెయ్యడం నిజంగా చూడాలి. 'ప్రేమగల, దయగల, కృపాకనికరములుగల' అని ఎవరైనా తమ ప్రార్థన దిద్దించుకోవడానికి రాసుకొస్తే మూడిట్లో రెండు కొట్టేసేది. "తనెట్టాంటివాడో ఆయనకి తెలుసుగా. నువ్వు ఎట్టాంటివాడివో రాయి" అనేది. 'మమ్ములను' అని రాస్తే ఎవరెవరిని అని అడిగేది. ఒక పేజీలో ఒక్క మనవే ఉండాలి. రెండుంటే రెండోది ఇంకో పేజీలోకి మార్చేది. "ఏం కావాలో చెప్పని అర్జీని ఏ ఆఫీసరూ చదవడబ్బాయ్. ముప్పై ఏళ్లు చూశా" అని చెయ్యి ఊపేది. ఆ ఊపు చూస్తే ఒళ్లు మండేది నాకు.

మండినా, ఆ పద్ధతిలో ఏదో ఉందని నాకు తెలిసొచ్చింది మా షెడ్డులోనే. కొత్త లేతు మిషను కొన్నప్పుడు ప్రతిష్ఠ ప్రార్థనకు సంఘాన్ని పిలిచాను. పెద్దాయన అరగంట చేశాడు. వ్యాపారం పదింతలు కావాలన్నాడు, శత్రువులు సిగ్గుపడాలన్నాడు. అప్పటికి ఆటోనగర్‌లో నాకు శత్రువులెవరో నాకే తెలియదు. తర్వాత పెద్దమ్మ తనంతట తనే లేచింది. కాగితం తీసింది. "ప్రభువా, ఈ యంత్రం దగ్గర ఎవరి వేళ్లూ పోకుండా చూడు. ఆమెన్." అంతే. మా షెడ్డులో నలుగురు పనివాళ్లు ఉంటే వాళ్లలో ఇద్దరికి పూర్తి వేళ్లు లేవు. లేతు నడిపే మా టర్నరు, వాళ్లు తిరుపతమ్మను కొలుచుకునేవాళ్లు, నా పక్కకొచ్చి, "ఈ అమ్మగారు చేసింది మాకర్థమైందండీ" అన్నాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆవిడకు నాలుగు రోజులు పట్టిందట. అందులో మొదట వ్యాపారం కూడా ఉందట. "అది నీ అర్జీ, నువ్వు రాసుకో. నాకు కనపడింది వేళ్లే" అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన మనవుల పెట్టె ఒకటి ఉండేది. జనం చీటీలు రాసి వేస్తారు, ఆదివారం మైకులో చదువుతారు. రాయడం రానివాళ్లకు పెద్దమ్మే రాసిపెట్టేది. ఒకసారి ఒకమ్మాయి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చి రాయించుకుంది. గేదె తోసిందని అందరికీ చెప్పింది గానీ, పెద్దమ్మ దగ్గర కూర్చునేసరికి నిజం వచ్చేసింది. పెద్దమ్మ నిజమే రాసింది: 'నన్ను గేదె తొయ్యలేదు, నా భర్త కొట్టాడు. ఆ చెయ్యి ఆపు.' పాస్టరుగారు ముందే చూసి ఇలాంటివి చదవకుండా పక్కన పెడతారనుకుని మడిచి పెట్టెలో వేసింది. ఆ ఆదివారం పాస్టరుగారు ఊళ్లో లేరు. చీటీలు చదవడానికి ఎవర్నో నిలబెట్టారు. ఆ మనిషి ముందుగా చూసుకోకుండా పేరుతో సహా గడగడా చదివేశాడు. ఆ భర్త మగవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి మా గుడికి రాలేదు. ఏ ఊరు వెళ్లిపోయిందో కూడా తెలియలేదు.

పెద్దమ్మ ఆ పెట్టె ముఖం మళ్లీ చూడలేదు. అప్పణ్ణుంచి ఒక్కటే పట్టు. కాగితం మీద రాయమని ఎవరైనా ఆవిడకు చెప్పింది దేవుడి చెవికే. ఇంకెవరికీ చెప్పకూడదు. సగం మాట కూడా చెప్పకూడదు. మంచి పట్టేనని అప్పుడు నేనూ అనుకున్నాను.

ఇక నా సంగతి. మా నాన్న కూడా సంఘంలో ఒక పెద్ద. ఇప్పుడు నేను నడిపే షెడ్డు ఆయన మొదలుపెట్టిందే. మా అన్నయ్య పెళ్లయ్యాక గన్నవరం వెళ్లి అక్కడొక కొత్త సహవాసంలో చేరాడు. డ్రమ్ములూ, గిటార్లూ, చేతులెత్తి ఏడవడాలూ ఉన్న సహవాసం. వాళ్ల లెక్కలో చంటిపిల్లలకు నీళ్లు చల్లి ఇచ్చేది బాప్తిస్మం కాదు. అన్నయ్య కృష్ణలో దిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఊరుకోక ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, "మీరిప్పించింది వాక్యానుసారం కాదు నాన్నా" అన్నాడు.

నాన్న చెయ్యి కడిగేసుకున్నాడు. "మూడు నెలల వాణ్ణి ఎత్తుకుని గుడికి నడిచి తీసుకెళ్లా. అది లెక్కలోకి రాదంటావా?" అన్నాడు. అన్నయ్య ఏదో బైబిలు వాక్యం నంబరు చెప్పాడు. ఇక అంతే. కులం తేడా కాదు, ఆస్తి తగాదా కాదు, నీళ్లు చల్లాలా ముంచాలా అన్నదాని మీద తండ్రీకొడుకులు ఆరేళ్లు మాట్లాడుకోలేదు. బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. మా వాళ్లలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

నాన్న చివరి రెండేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఎత్తడం, దించడం, ఒళ్లు తుడవడం అన్నీ నేనూ మా ఆవిడా చేశాం. పెద్దమ్మ మధ్యాహ్నాలు వచ్చి, ఆయన గొణిగే ప్రార్థనలు రాసిపెట్టేది. ఆయన చెప్పిన వాటిని మాత్రం ఒక్క అక్షరం కొట్టేసేది కాదు. ఆయన పోయే ముందురోజు ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉంది. నేను మందు తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. "పెద్దాణ్ణి ఒకసారి చూపించమని రాయమ్మా" అన్నాడు నాన్న. ఆవిడ రాసింది. నేను లోపలికెళ్లి, "ఫోన్ చేశా నాన్నా, వస్తున్నాడు" అన్నాను.

నేను ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాతా చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో తిన్నగా చెప్పేస్తాను. రెండేళ్లు చాకిరీ చేసింది నేను. ఆఖరి గంటలో వాడొచ్చి, నాన్న తల మీద చెయ్యి పెట్టి, వాళ్ల సహవాసం పద్ధతిలో కేకలు పెట్టి ప్రార్థన చేస్తే, నాన్న ఏడ్చి క్షమించేసి, మొత్తం పేరు వాడు కొట్టేస్తాడని నాకు కడుపుమంట. రేపు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు తెల్లవారుతూనే నాన్న పోయాడు. సాయంత్రానికి భూస్థాపన. మధ్యాహ్నం దాటాక అన్నయ్యకు కబురు పెట్టాను. వాడు వచ్చేసరికి మట్టి కప్పేశారు. "నిన్నట్నించీ ఫోన్ కలవలేదు అన్నయ్యా" అన్నాను. పెద్దమ్మ అక్కడే, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

ఆ తర్వాత మా అన్నదమ్ములం పెళ్లిళ్లలో కనపడితే పలకరించుకోవడం, అంతవరకే మిగిలాం.

మరుసటి ఏడాది ఈస్టరు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో, నిద్ర పట్టని బాధ పడలేక ఒక ప్రార్థన రాసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. శనివారం, షెడ్డుకు సగం రోజు సెలవు. మొదటి చిత్తులో 'మా అన్నకు మంచి మనసు ప్రసాదించుము' అని ఉంది. ఆవిడ చదివి, ముడిలోంచి పెన్సిలు తీసి, "ఇది మీ అన్నకి పంపాల్సిన కాగితం. అడ్రసు తప్పి వచ్చింది" అని తిరిగిచ్చింది.

రెండోది 'మా కుటుంబములో శాంతి సమాధానములు దయచేయుము.' "ఏ విషయమై?" అంది. అర్జీలో 'విషయం' అని పైన రాస్తారు చూడండి, అక్కడ వేలు పెట్టి అడిగినట్టు అడిగింది. "విషయం లేకుండా నంబరు పడదబ్బాయ్" అంది.

ఇలా ఏళ్ల తరబడి నడిచింది. నెలకో, రెండు నెలలకో ఒక శనివారం వెళ్లేవాణ్ణి. చాలాసార్లు కాగితం లేకుండానే వెళ్లేవాణ్ణి. మరమరాల్లో ఉల్లిపాయలు కలిపి పెట్టేది, టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేది, షెడ్డు సంగతులు అడిగేది. కాగితం ఉంటే చదివేది, గీసేది, ఇచ్చేసేది. అయిదో దాంట్లో 'నాన్న విషయములో నేను చేసిన పొరపాటు' అని రాశాను. అది రాయడానికే నాకు చెమటలు పట్టాయి. ఆవిడ 'పొరపాటు' కింద గీత గీసింది. "పొరపాటంటే బీరువా తాళం ఎక్కడో పెట్టి మర్చిపోవడం. అదేనా?" అంది.

అన్నీ తెలిసి అడుగుతోంది. అందుకే నాకు ఒళ్లు కాలిపోయేది. నాన్న అడిగిన మాట రాసింది ఆవిడే. ఫోన్ చేశానని నేను చెప్పింది విన్నది ఆవిడే. సమాధి దగ్గర నా అబద్ధం కూడా విన్నది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నువ్వు అబద్ధమాడావురా" అని ముఖం మీద అనుంటే నేను తిరగబడేవాణ్ణి, పోట్లాడేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, ఏదో ఒకటి అయ్యేది. ఆవిడ అనదు. పెన్సిలుతో గీత గీస్తుంది, మరమరాలు పెడుతుంది. పోనీ మానేద్దామంటే మనసు ఒప్పదు. ఆ గీత ఉన్నంతకాలం నా కాగితం ఎక్కడికీ వెళ్లలేదన్నట్టే ఉండేది.

ఏడోది పోయిన ఏడాది తీసుకెళ్లాను. ఈసారి వివరంగా రాశాను. 'నాన్న అన్నయ్యను చూడాలన్నాడు. నేను ఫోన్ చేశాను గాని కలవలేదు. దీని విషయమై నాకు మనశ్శాంతి నిమ్ము.' ఆవిడ చాలాసేపు చదివింది. 'కలవలేదు' అన్న మాట కింద చిన్న గీత గీసి, కాగితం నా ఒళ్లో పెట్టింది.

"మీకు తెలిసే నన్ను తిప్పుతున్నారు" అన్నాను.

"నాకేం తెలుసన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అర్జీ నాది కాదుగా."

"మరి చెప్పండి. నన్నేం చెయ్యమంటారు? వాడి దగ్గరికెళ్లి చెప్పమంటారా?"

"అది నేను చెప్పకూడదబ్బాయ్."

"ఏం, మీరేమన్నా దేవుడి ఆఫీసులో ఇన్‌వార్డు గుమాస్తానా? నా కాగితం మీరు పాస్ చేస్తేగానీ లోపలికి పోదా?"

ఆవిడ నొచ్చుకుంటుందనే అన్నాను. ఆవిడ పెన్సిలు ముడిలో గుచ్చుకుని, "నాకు వచ్చిన పని అదొక్కటే" అంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. ఏడాది పాటు ఆ వీధిలోకి వెళ్లలేదు. గుడిలో కనపడితే తల తిప్పుకున్నాను. మా ఆవిడ, "పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదంట, ఒకసారి వెళ్లిరండి" అని మూడుసార్లు చెప్పింది. ఆర్డరు పని ఉందన్నాను. ఇదిగో, ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటో.

భూస్థాపనకు షెడ్డు మూసి వెళ్లాను. జనం బాగానే వచ్చారు. ఆ పెద్దాయన వయసు మీద పడి, ఎవరో పట్టుకుంటే నిలబడి, ప్రార్థన చేశాడు. ఈసారి మాత్రం రెండు నిమిషాల్లో ఆపేశాడు. ఆవిడ రాసిన నోటుబుక్కులన్నీ తగలబెట్టెయ్యమని పాస్టరుగారికి ముందే చెప్పిందట, ఆయన తగలబెట్టించేశారట. అది విని నేను తల దించుకున్నాను. తల ఎత్తేసరికి గుంతకు అవతలి వైపు అన్నయ్య ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. వాళ్ల సహవాసం వాళ్లెవరూ వెంట లేరు. ఒక్కడే వచ్చాడు.

అందరూ వెళ్లాక వాడు నాన్న సమాధి వైపు నడిచాడు. అదే శ్మశానంలో, రెండు వరసల వెనక. నేనూ వెళ్లాను.

"నువ్వెట్టా వచ్చావు?" అన్నాను.

"మంగళవారాలు ఆవిడ దగ్గరికి వచ్చేవాణ్ణి. చాలా ఏళ్లుగా. శనివారం మాత్రం రావద్దనేది, ఎందుకో చెప్పేది కాదు."

"శనివారం నాది" అన్నాను.

వాడు నావైపు చూశాడు. ఇద్దరం ఒక్కసారే అర్థం చేసుకున్నాం. "నీకెన్నిసార్లు తిప్పి ఇచ్చింది?" అన్నాడు.

"ఏడు."

"నాకు పదకొండు. పాసవలేదు."

నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే, ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేనని అనిపించింది. "నీకు నేను ఫోన్ చెయ్యలేదు అన్నయ్యా. కలవలేదని అబద్ధమాడాను" అన్నాను. ఏడు కాగితాల్లో పట్టని మాట అది. చెప్పడానికి ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"తెలుసు. నీ నంబరు నుంచి మిస్సుడు కాలన్నా లేదుగా" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"అడిగితే నాది బయటపడుద్దని. నాకు ఫోన్ వచ్చింది రా. ముందురోజు మధ్యాహ్నమే. ఆవిడే చేసింది. 'మీ నాన్నకి బాగాలేదు, బయలుదేరి రా' అంది. ఆయన నన్ను పిలిచాడా అని అడిగా. 'అది నేను చెప్పకూడదు, నువ్వు రా' అంది. పిలిచుంటే చెప్పేదిగా అనుకున్నా. పిలవని చోటికి నేనెందుకెళ్లాలనుకున్నా. గన్నవరం నుంచి ఇక్కడికి ఎంతసేపు, బండి తీస్తే అరగంట. తియ్యలేదు. అందరికీ తెలియలేదని చెప్పా."

ఒక్క మాట. పిలిచాడు అన్న ఒక్క మాట ఆవిడ ఫోన్లో అనుంటే వీడు వచ్చేవాడు. నాన్న చూసేవాడు. ఎవరో అమ్మాయి చీటీ మైకులో చదివారని, ఇక నోరు విప్పనని పట్టుబట్టి, చావుబతుకుల్లో ఉన్నవాడి కోరికను నోటుబుక్కులో పెట్టి మూసేసింది. తర్వాత ఎనిమిదేళ్లు మా ఇద్దరికీ వారాలు పంచి, ఎదురుపడకుండా చూసి, పెన్సిలు గీతలు గీసుకుంటూ కూర్చుంది. మేమిద్దరం మా అంతట మేమే ఎప్పటికైనా నోరు తెరుస్తామని చూసిందా? తను చెయ్యకపోయిన పని మాతో చేయించాలనుకుందా? నాకు తెలియదు. ఆవిడ మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి ఎప్పుడూ రాలేదు. బతికుంటే ఆ క్షణమే పటమట వెళ్లి ఆవిడ వరండాలో నిలబడి నాలుగు దులిపి వచ్చేవాణ్ణి.

అన్నయ్య సమాధి మీద పడ్డ ఆకులు తీసేస్తున్నాడు. నావైపు తిరక్కుండానే అడిగాడు, "పిలిచాడా?"

వాడి పదకొండు కాగితాల్లోనూ ఉన్నది ఈ ప్రశ్నేనని నాకు అప్పుడు తెలిసింది. దీనికి జవాబు తెలిసిన ఇద్దరిలో ఒకరిని ఇప్పుడే మట్టిలో పెట్టి వచ్చాం.

"పిలిచాడు. పెద్దాణ్ణి ఒకసారి చూపించమన్నాడు. వస్తున్నావని నేనే చెప్పా. అది విని మంచం గుమ్మం వైపు తిప్పమన్నాడు. తిప్పాను" అన్నాను.

అన్నయ్య ఆకులు తియ్యడం ఆపేశాడు. కాసేపటికి సమాధి గట్టు మీద కూలబడ్డాడు. నేను వాడి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. వాడు తియ్యలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం. ప్రార్థన చేద్దామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.